పాలపిట్ట కారు: 1976 పద్మినికి పాత రంగు వెతికిన డైరీ

దసరా మర్నాడు

పరకాలలో పెద్దబాపు ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి పద్మినిని నిన్న బయటికి తీశాం. పద్దెనిమిదేండ్లుగా అక్కడే ఉంది. నాలుగు టైర్లూ మట్టిలో దిగబడి ఉంటే పారలతో తవ్వి, తాడు కట్టి, పాలోళ్ల పిల్లలు నలుగురు వెనక నుంచి తోస్తే గానీ కదల్లేదు. సాయంత్రానికి ట్రాలీ మీద హన్మకొండ తెచ్చి, ములుగు రోడ్డులో బండ్లకు రంగులేసే ఉస్తాద్ షెడ్డులో దించాం.

ఇంజను సంగతి ఈ డైరీలో రాయను. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. ఈ బండి నాడి తెలిసిన మెకానిక్కులు వరంగల్‌లో ఇంకా ఉన్నారు, ఆ పని వాళ్లు చూసుకుంటారు. నాకు పట్టుకున్నది రంగు.

బండి ఇప్పుడు తెల్లగా ఉంది. ఇంట్లో మాత్రం దాని పేరు పాలపిట్ట కారు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ నుంచి 1976లో వచ్చింది. ఫియట్ 1100 డిలైట్ అని అమ్మిన బండికే కొన్నాళ్లు ప్రెసిడెంట్ అని, 1974 నుంచి పద్మిని అని పేరు పెట్టారు. పెద్దమ్మ ఇప్పటికీ ఫియట్ అనే అంటుంది. డబ్బు కట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూడాల్సిన రోజులవి. అంత ఎదురుచూసిన బండి కాబట్టి దాని రంగు ఇంటిల్లిపాదికీ గుర్తుంది. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా గుర్తుంది.

మేనత్త ఆకాశం రంగు అంటుంది. అన్న బూడిద రంగు అంటాడు. పాత ఆర్.సి. పుస్తకంలో చేత్తో రాసిన మాట బ్లూ, అంతే. పాలపిట్టనే అడుగుదామంటే దాని రెక్కలోనే రెండు నీలాలున్నాయి, ఒకటి ముదురు, ఒకటి లేత. పెద్దమ్మ ఒక్కతే తేల్చి చెప్పింది. సద్దుల బతుకమ్మ నాడు గునుగు పూలకు రంగు అద్దుకుంట నా చేతిలో ఒక పువ్వు పెట్టింది. "నీలం నీళ్లల్ల ఒక్కసారి ముంచి తీస్తే ఎట్లొస్తదో, గట్లుండె బిడ్డా. రెండోసారి ముంచితే కాదు."

నేను చేయాలనుకున్నది ఒక్కటే. నచ్చిన నీలం వేయడం కాదు, ఆ బండి ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఏ రంగులో ఉందో ఆ రంగే వేయాలి. రంగు కోడ్ చెప్పే ప్లేటు ఏదీ బండిలో దొరకలేదు. ఇక రేకునే అడగాలి.

అక్టోబర్ 12

మొదటి తప్పు. రాసి పెట్టుకుంటే ఇంకొకరికి పనికొస్తుంది.

1979 నాటి పెండ్లి ఫొటో ఒకటి దొరికింది, కారు ముందు పెద్దబాపు, పెద్దమ్మ. దాన్ని ఫోన్‌తో తీసి, ఒక రంగుల దుకాణంలో చూపించి, స్క్రీన్ మీద కనిపించిన దానికి దగ్గరగా లీటరు కలిపించాను. రేకు ముక్క మీద పూస్తే గులాబీ ఛాయ కొట్టింది. ఆ కాలం కలర్ ప్రింట్లలో నీలిపచ్చ రంగు ముందుగా వెలిసిపోయి, ఫొటో మొత్తం ఎర్రబారుతుంది. పైగా ఫోన్ కెమెరా తనకు తోచినట్టు తెలుపును సర్దుకుంటుంది. ఫొటోను నమ్మి రంగు కలిపించవద్దు. ఏ భాగానికి ఏ రంగు వేశారో తెలుసుకోవడానికి మాత్రం ఫొటో అక్కరకొస్తుంది. చక్రాల రిమ్ములు లేత రంగులో ఉన్నాయని నాకు ఆ ఫొటోతోనే తెలిసింది.

అక్టోబర్ 19

ఈ రోజు పొద్దంతా ఒక్క రూపాయి బిళ్లంత చోటు మీదే గడిచింది.

ఎడమ వెనక తలుపు అంచు దగ్గర, లప్పం పడని చోటు చూసుకుని, ఉస్తాద్ 400 నంబర్ వాటర్ పేపర్‌ను చెక్క ముక్కకు చుట్టి నీళ్లతో రుద్దడం మొదలుపెట్టాడు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, అందుకే పొడిగా రుద్దనివ్వలేదు. మూతికి మాస్కు, కింద గుడ్డ, రుద్దిన నీళ్లు డబ్బాలోకి. మధ్యలో లోతుగా, చుట్టూ పలచగా పోయేలా గుండ్రంగా రుద్దాలి. తర్వాత 800, ఆపైన 1200, చివర రబ్బింగ్ కాంపౌండ్. అయిపోయాక తడి గుడ్డతో తుడిస్తే చెరువులో రాయి వేసినట్టు వలయాలు తేలాయి. నడిమిట్ల మెరిసే రేకు. దాని చుట్టూ ఇటుక రంగు ప్రైమర్, వెంట్రుక మందం. ఆ పైన నీలం. తర్వాత బూడిద రంగు సర్ఫేసర్, అంటే రంగుకు ముందు రేకును నున్నగా చేసే పూత, ఆపైన మీగడ రంగు, మళ్లీ సర్ఫేసర్, అన్నిటికంటే పైన ఈ తెలుపు. అంటే బండి మూడు రంగులు మారింది. మీగడ రంగు అక్క పెండ్లికి వేయించి ఉంటారని అన్న అంటున్నాడు.

అడుగున ఉన్నదే ఫ్యాక్టరీ రంగు అనడానికి అది ఒక్కటే సరిపోదు. ఎక్కడైనా డొక్కు పడి రేకు దాకా గీకి మళ్లీ వేసి ఉంటే, అక్కడ అడుగున ఉన్నది కూడా షెడ్డు రంగే అవుతుంది. అందుకే థిన్నర్ పరీక్ష. దూదిని ఎన్.సి. థిన్నర్‌లో ముంచి తెలుపు మీద అద్దితే దూది తెల్లబడింది. మీగడ పొర కూడా కరిగి దూదికి అంటింది. ఆ రెండూ డ్యూకో, అంటే షెడ్డులో స్ప్రే గన్‌తో కొట్టి గాలికి ఆరబెట్టిన నైట్రోసెల్యులోజ్ లాకర్. అది ఎన్నేండ్లయినా తన థిన్నర్ తగిలితే కరుగుతుంది. నీలం మీద నిమిషం సేపు ఒత్తి పట్టినా దూది శుభ్రంగా వచ్చింది. ఓవెన్‌లో కాల్చిన ఎనామిల్ కరగదు. ఆ వయసు పొర, నేరుగా ప్రైమర్ మీద ఉండి, థిన్నర్‌కు లొంగలేదంటే అది కంపెనీలో కాల్చిందే. ఇదే పరీక్ష డిక్కీ తలుపు మీద, ముందు మడ్‌గార్డ్ మీద చేశాం. మడ్‌గార్డ్ మీద నీలం కరిగింది! కుడి మడ్‌గార్డ్ ఎప్పుడో దెబ్బ తిని ఆ రోజుల్లోనే మళ్లీ రంగు పడిందన్న మాట. అక్కడి నీలం చూసి కలిపించి ఉంటే ఎవరో మేస్త్రి కంటి అంచనాను నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

అక్టోబర్ 27

తలుపు వలయంలోని నీలానికి ఉస్తాద్ తన కంటితో డ్యూకోలో కొద్దిగా కలిపాడు, ఖర్చు తక్కువని. పొద్దటి నుంచి ముసురు. రేకు ముక్క మీద కొట్టగానే అచ్చం సరిపోయింది. నాకు పట్టరాని సంతోషం.

ఉస్తాద్ మాత్రం పెదవి విరిచాడు. "రేపు చూద్దాం బిడ్డా. గాలిల నీళ్లున్నయ్." మర్నాడు కాంపౌండ్ పెట్టి రుద్దితే పైనున్న పాలపొర పోయి, అడుగున రెండు ఛాయలు ముదురు నీలం బయటపడింది. థిన్నర్ తొందరగా ఆవిరైతే రేకు చల్లబడుతుంది. ఆ చల్లదనానికి గాలిలో తేమ రంగు మీదికి దిగి తెల్లగా బిగుసుకుంటుంది. దీన్నే రంగు తెల్లబారిందంటారు. తేమ రోజుల్లో నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, లేదా గన్ ముట్టొద్దు. ఆ రోజు సరిపోయింది రంగు కాదు, మబ్బు.

నవంబర్ 9

తలుపు వలయం చాలా పలచన, కొలవడానికి వీల్లేదు. ఎండా వానా చూసిన చోటు కూడా. ఎండకు పైపొరలో రెజిన్ విరిగి పిగ్మెంట్ పొడిలా మిగులుతుంది, వేలితో రాస్తే సుద్దలా అంటుతుంది. అందుకని ఎండ చూడని చోట్ల కోసం వెతికాం. తలుపుల ట్రిమ్ అట్టల వెనక, వెనక లైట్ల రబ్బరు గాస్కెట్ల కింద, గడప మీది అల్యూమినియం పట్టీ కింద. వెనక సీటు వెనకాల స్క్రూలతో బిగించిన అరచేయంత రేకు మూత ఒకటి దొరికింది. దాని మీద తెలుపు పడలేదు, మీగడా పడలేదు. 1976లో బిగించినప్పటి రంగే, నిగనిగ కూడా చెక్కుచెదరలేదు.

వెతికింది దొరికిందని మూత పట్టుకుని బయటికొచ్చి వెలుతురులో చూస్తే నీలం కాదు. నీలిపచ్చ, అందులోనూ కాస్త పసుపు కొట్టే పచ్చ. తలుపు వలయంతో పక్కపక్కన పెడితే రెండు వేరే బండ్లవేమో అనిపించింది.

రెండు రోజులు అదే ఆలోచన. ఆఖరికి మా ఇంటి వంటింటి తలుపే జవాబు చెప్పింది. తెల్ల ఎనామిల్ వేసిన తలుపు, దాని మీద ఏడాది పొడుగూతా క్యాలెండర్ వేలాడుతుంది. క్యాలెండర్ తీసిన చోట చదరంగా పసుపు తిరిగి ఉంటుంది, చుట్టూ తెల్లగానే ఉంటుంది. ఆల్కిడ్ ఎనామిల్‌లో నూనె ఉంటుంది. చీకట్లో ఏండ్ల తరబడి ఉంటే ఆ నూనె పసుపు తిరుగుతుంది, వెలుతురు తగిలితే ఆ పసుపులో చాలా మటుకు విరిగిపోతుంది. సీటు వెనక చీకట్లో నలభై తొమ్మిదేండ్లున్న నీలానికి పసుపు కలిస్తే పచ్చ కాక ఇంకేమవుతుంది?

కాబట్టి ఎండ తిన్న చోటూ, ఎండే చూడని చోటూ, రెండింటి మాటనూ ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. మొదటిది వెలిసింది, రెండోది పచ్చబడింది. రెండోదానికి మాత్రం మందుంది.

నవంబర్ 23

మూతను సబ్బు నీళ్లతో కడిగి, సగానికి వెండి కాగితం చుట్టి, డాబా మీద దక్షిణం వైపు వాల్చి పెట్టాను. సగం కప్పడం ఎందుకంటే మారిందో లేదో పక్కనే సాక్ష్యం ఉండాలి. మూడో రోజుకే గీత పడింది. ఆరో రోజుకు తెరిచిన సగం స్పష్టంగా నీలం వైపు తిరిగింది. తొమ్మిదో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య నా కంటికి తేడా ఆనలేదు, అక్కడ ఆపేశాను. ఎక్కువ రోజులు ఉంచితే ఎండ పసుపుతో పాటు రంగును కూడా తినడం మొదలుపెడుతుంది.

వెండి కాగితం విప్పి చూపిస్తే పెద్దమ్మ తెరిచిన సగం మీద వేలు పెట్టింది. గునుగు పువ్వు ఊసెత్తలేదు. మూతను కొంగుతో తుడిచి, కాసేపు ఒళ్లో పెట్టుకుని, ఇచ్చేసింది.

డిసెంబర్ 6

హన్మకొండలో ఒక రంగుల దుకాణంలో చేతిలో పట్టుకునే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది. 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఒక్కో తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు తిరిగొస్తుందో కొలిచి, రంగును మూడు అంకెల్లో చెబుతుంది. ఎల్ అంటే రంగు ఎంత లేత, ఎంత ముదురు, ఏ అంటే ఎరుపు పచ్చల మధ్య ఎటు, బి అంటే పసుపు నీలాల మధ్య ఎటు. మెటాలిక్ రంగులైతే పలు కోణాల్లో కొలవాలి, అది వేరే తలనొప్పి. మాది సాదా రంగు కావడం అదృష్టం.

కొలిచే ముందు మూతను కాంపౌండ్‌తో మెరుగు పెట్టాను. గరుకు పైభాగం వెలుతురును చెల్లాచెదురు చేసి అసలు కంటే లేతగా చూపిస్తుంది. ఒకే చోట ఐదుసార్లు కొలిచి సగటు తీసుకున్నాం. చీకటి సగంలో బి మైనస్ 4, ఎండ తిన్న సగంలో మైనస్ 7. అంకె ఎంత కిందికి పోతే అంత నీలం. పన్నెండు రోజుల ఎండ చేసిన పని అది.

దుకాణం పిల్లవాడు మిషన్ చూపించిన దగ్గరి రంగు తీసుకొమ్మన్నాడు, ఇప్పటి ఒక కారుది. డెల్టా ఈ 3.8. డెల్టా ఈ అంటే రెండు రంగుల మధ్య దూరం. 1 లోపు ఉంటే మామూలు కన్ను పట్టడం కష్టం, 3 దాటితే పక్కపక్కన పెట్టగానే తెలిసిపోతుంది. దగ్గరి రంగు నాకొద్దు, దాని ఫార్ములాను మొదలుగా పెట్టుకుని మేమే దిద్దుకుంటామని చెప్పాను. అతను ఓపికగా నూరు గ్రాముల చొప్పున కలిపి ఇచ్చాడు, అతనికి రుణపడి ఉన్నాను.

నూరు గ్రాములే ఎందుకంటే కలిపిన రంగులోంచి దేన్నీ వెనక్కి తీయలేం. మొదటి శాంపిల్ పచ్చ కొట్టింది. పచ్చను చంపడానికి ఎరుపు చుక్క వేయమంటారు చాలామంది. వేస్తే పచ్చ పోతుంది, రంగు కూడా మురికి పడుతుంది. ఉస్తాద్ ఎరుపు ముట్టకుండా, కొత్త శాంపిల్‌లో ఆక్సైడ్ పసుపు తగ్గించాడు. రెండో దానికి 1.9, మూడో దానికి 0.7. మూడో దాని లెక్క డబ్బా మూత మీద రాశాం: తెలుపు 95.2, నీలం 1.6, నలుపు 1.9, ఆక్సైడ్ పసుపు 1.3. ఆ నలుపు లేకపోతే అది పిల్లల బొమ్మ నీలం అవుతుంది. అన్న బూడిద రంగు అన్నది ఊరికే అనలేదని ఆ 1.9 చూశాకే అర్థమైంది.

డిసెంబర్ 21

అంకె బాగుంటే సరిపోదు. పాత డబ్బాలో ఏ పిగ్మెంట్లు వాడారో, ఇప్పటి మిషన్‌లో ఉన్నవి అవే కానవసరం లేదు. వేరే పిగ్మెంట్లతో ఒకే రంగు తెస్తే ఒక వెలుతురులో సరిపోయి, ఇంకో వెలుతురులో విడిపోతుంది. మెటామెరిజం అంటారు. చీర అంచుకు జాకెట్టు గుడ్డ దుకాణం లైటు కింద సరిపోయి, ఇంటికొచ్చాక తేడా కొట్టడం ఇదే.

మూడో శాంపిల్‌ను బూడిద ప్రైమర్ మీద మూడు కోట్లు కొట్టిన రేకు ముక్కను, పాత మూతను అంచుకు అంచు ఆనించి రోజంతా తిరిగాను. పొద్దున ఎనిమిదింటి ఎండ, మధ్యాహ్నం ఉత్తరపు గోడ నీడ, షెడ్డులో ట్యూబ్‌లైటు, ఇంట్లో ఎల్.ఈ.డి., రాత్రి రోడ్డు మీది పసుపు లైటు. పసుపు లైటు కింద మాత్రం కొత్తది వీసమెత్తు పచ్చ. ఎండలో, నీడలో గీత కనిపించలేదు. దీంతో ఆగుదామన్నాను. ఈ బండిని చూసేది పగటి పూట.

ప్రైమర్ రంగు ముఖ్యం. ఉస్తాద్‌కు రెడ్ ఆక్సైడ్ అలవాటు. ఇలాంటి లేత రంగు కింద ఎరుపు ఉంటే పలచన పడిన అంచుల దగ్గర లోపలి నుంచి వెచ్చగా తొంగిచూస్తుంది. పైన బూడిద సర్ఫేసర్ వేసి మూయాలనుకున్నాం.

జనవరి ఆఖరు

మేడారం జాతర. ములుగు రోడ్డు మీద రాత్రీ పగలూ బస్సులు, ట్రాక్టర్లు, ఎడతెగని దుమ్ము. షెడ్డు తలుపులు మూసే ఉన్నాయి. డెంటింగ్ పూర్తయింది, సర్ఫేసర్ పడింది, 600 నంబర్ పేపర్ కొట్టడం నడుస్తోంది. గన్ పని జాతర అయ్యాకే.

ఫిబ్రవరి 22

ఇవ్వాళ రంగు పడింది.

డ్యూకోలోనే వేద్దామా అని చాలా తర్జనభర్జన పడ్డాం. దాని మెరుపు మెత్తగా ఉంటుంది, పాత బండికి నప్పుతుంది, కానీ వరంగల్ ఎండలకు తొందరగా వెలుస్తుంది. బేస్ కోటు మీద క్లియర్ కోటు వేస్తే అద్దంలా లోతు వస్తుంది, ఆ లోతు 1976 బండికి లేదు. అందుకని టూ-కే పాలీయురేథేన్, అంటే హార్డెనర్ కలిపితే గట్టిపడే రంగు, క్లియర్ లేకుండా, రంగులోనే మెరుపు ఉండే రకం. హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. తువ్వాల చుట్టుకుని గన్ కొట్టే అలవాటు చాలా షెడ్లలో చూశాను, అది ఊపిరితిత్తులతో ఆట. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు అద్దెకు తెచ్చి ఉస్తాద్‌కు పెట్టించాను. మొదట చిరాకు పడ్డా, అరగంట తర్వాత తీయలేదు.

పొద్దున ఆరున్నరకే మొదలు. ఎనిమిది దాటితే ఏనుమాముల యార్డుకు మిర్చి ట్రాలీలు వరస కడతాయి, ఆ ఘాటూ ఆ ధూళీ తడి రంగు మీద వాలితే మళ్లీ మొదటికొస్తుంది. రాత్రే నేల తడిపాం, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు బయటికి వదిలేశాం. 1.3 నాజిల్, రేకుకు జానెడు దూరం, ప్రతి గీతా ముందు గీతను సగం కప్పేలా. పైకప్పు ముందు, తర్వాత బానెట్, డిక్కీ, చివర పక్కలు. కోటుకూ కోటుకూ మధ్య పదిహేను నిమిషాలు.

మొదటి కోటు పడగానే గుండె జారింది. మూత కంటే లేతగా, సుద్దగా ఉంది. ఉస్తాద్ మాస్కులోంచే చెయ్యి ఊపాడు, ఆగమని. సాదా రంగులు చాలా మటుకు ఆరుతూ ముదురుతాయని నాకు శాంపిళ్లప్పుడే తెలుసు, అయినా అంత పెద్ద రేకు మీద చూస్తే తెలిసింది కూడా మరిచిపోతాం. మూడో కోటు సాయంత్రానికి ఆరాక మూతను తలుపు మీద ఆనించాను. అంచు కనపడకుండా కలిసింది. కుడి వెనక తలుపు కింద రెండు చోట్ల చేప కన్నులు, అంటే రంగు పట్టక పడే చిన్న గుంతలు, పడ్డాయి, పాత సిలికాన్ పాలిష్ తుడవడంలో మిగిలి ఉంటుంది. ఆ ముక్క వరకు మళ్లీ పేపర్ కొట్టాలి.

ఫిబ్రవరి 28

పెద్దమ్మను తీసుకొచ్చాం. ముందుకు పోలేదు, డిక్కీ వైపే నిలబడింది. పెద్దబాపు రాత్రిపూట ఊర్లకు పోతుంటే ఆమె చూసేది వెనక నుంచే కదా. "గిదే," అని, ఎడమ వెనక రెక్క మీద అరచెయ్యి ఆనించింది. ఎండలో కాలిందేమో, వెంటనే తీసి, మళ్లీ పెట్టింది.

మిగిలిన 200 మిల్లీలీటర్ల రంగును హార్డెనర్ కలపకుండా గాజు సీసాలో పోసి, లెక్క రాసి, డిక్కీలో కట్టాను. వెనక సీటు వెనకాల మూత బిగించే చోట ఒక అరచేయంత మేర రంగు వేయనివ్వలేదు. మాస్కింగ్ టేపు తీస్తే అక్కడ 1976 నాటి నీలం అలాగే ఉంది, పచ్చబడిన నీలం. పాత మూతను కూడా కొత్త రంగు వేయకుండానే, ఎండ తిన్న సగం పైకి వచ్చేలా నాలుగు స్క్రూలతో దాని మీద బిగించాను. రేపటి నుంచి బీడింగులు, ఆ తర్వాత చేప కన్నుల తలుపు.